సూడనేదు తాత

మొన్న ఒక పాత దావా తీర్పు నకలు కోసం జిల్లా కోర్టు రికార్డు రూముకి వెళ్ళాను. అక్కడి రికార్డు కీపరు తమిళాయన. మా దీవుల్లో అందరిలాగే నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడతాడు. అర్జీ అందుకుని, స్టాంపు సరిగ్గా అంటించానో లేదో చూసి, కళ్ళజోడు మీదుగా నా వెనక ఉన్న ఖాళీ బెంచీ వైపు చూశాడు.

"దీదీ, మీతో ఓ ముసలాయన వచ్చేవాడు కదా, చేతికి తువ్వాలు చుట్టుకుని. రాలేదా?"

"గుజర్ గయే, భయ్యా," అన్నాను. "వానల్లో పోయాడు."

ఆయన "అరే" అని అర్జీని రిజిస్టరు మధ్యలో పెట్టాడు. తర్వాత అన్నాడు: "ఆ రోజు నా బల్ల ముందు నిలబడి ఏదో అన్నాడు, మీ భాషలో. మీ మొహం తెల్లబోయింది. ఏమన్నాడని నేనడిగితే మీరు మాట మార్చేశారు."

నేను మళ్ళీ మాట మార్చేశాను. నకలు ఎప్పుడొస్తుందో అడిగి వచ్చేశాను. ఆ ముసలాయన అన్న మాట వల్ల ఒక ఇంటి మీదికి ఇప్పటికీ ముప్పు రావచ్చు. అందుకే ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. ఆ ఇల్లున్న ఊరిని ఫెరార్గంజ్ అంటాను, మీరూ అదే అనుకోండి.

గరాచర్మలో మా వీధి మొదట్లో, బస్సు స్టాపుకి ఎదురుగా, మేనకోడలి ఇంట్లో ఉండేవాడాయన. ఓటరు కార్డులో పేరు ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం అందరికీ సూడనేదు తాతే. సాయంత్రం కుర్చీ వేసుకుని గేటు ముందు కూర్చునేవాడు. ఎవరైనా పరుగున వచ్చి "తాతా, టౌను బస్సెళ్ళిపోయిందా?" అంటే, "నాను సూడనేదు" అనేవాడు. బస్సు ఆయన మొహం మీద దుమ్ము కొట్టి అప్పుడే మలుపు తిరిగి ఉండేది. "మా కోడి ఇటొచ్చిందా తాతా?" అంటే, "నాను సూడనేదు." కోడి ఆయన కుర్చీ కిందే గీరుకుంటూ ఉండేది. పిల్లలు కావాలనే వచ్చి, "తాతా, ఆకాశంలో సూర్యుడున్నాడా?" అని అడిగేవాళ్ళు. ఆయన తల కూడా ఎత్తకుండా అదే మాట అనేవాడు. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు.

పక్కింటివాళ్ళిద్దరికీ ఒకసారి హద్దు రాయి మీద గొడవొచ్చింది. ఒకతను కొత్త ఇల్లు కడుతూ రాయిని లోపలికి జరిపాడని రెండో అతని ఆరోపణ. తాత రోజూ అక్కడే కూర్చుంటాడు కాబట్టి ఆయనకి తెలియకుండా ఉండదని ఇద్దరూ ఆయన దగ్గరికే వచ్చారు. తాత లేచి, చెప్పులేసుకుని, ఆగివున్న బస్సెక్కి ఫీనిక్స్ బే పడవల జెట్టీకి వెళ్ళిపోయాడు. వాళ్ళు సర్వే చేసే అమీనుని పిలిపించి కొలిపించుకునేదాకా రోజూ పగలంతా జెట్టీ దగ్గరే గడిపి, చీకటిపడే వేళకి ఇంటికొచ్చేవాడు.

మేనకోడలి కూతురికి రిజిస్టరు పెళ్ళి చేసినప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందే తయారయ్యాడు. ఆఫీసులో సాక్షి సంతకం కోసం పెన్ను చేతికి ఇవ్వబోతే, పాముని చూసినట్టు వెనక్కి జరిగాడు. ఎంత బతిమాలినా పెట్టలేదు. చివరికి బయట టీ కొట్టాయన వచ్చి సంతకం పెట్టాడు. తర్వాత ఫొటోలో తాత పెళ్ళికూతురి పక్కనే, హాయిగా నవ్వుతూ నిలబడ్డాడు.

కుడిచెయ్యి ఎప్పుడూ తువ్వాల్లోనే ఉండేది. ఏదిచ్చినా, మాకు తెచ్చే చేపైనా సరే, ఎడంచేత్తో ఇచ్చేవాడు. మా అమ్మకి ఇది అసలు నచ్చేది కాదు. "మంచి చేప, ఎడం చేత్తో ఇస్తావేంటి బావా?" అనేది. ఆ మర్నాటి నుంచి చేపని మా మెట్టు మీద పెట్టి, గేటు చప్పుడు చేసి వెళ్ళిపోయేవాడు. ఆ చేతికి వేళ్ళు లేవని, పడవ తాడు తెగి పడి నుజ్జయిపోయిందని పిల్లలు చెప్పుకునేవారు. అదేం కాదు. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి తువ్వాలు విప్పేవాడు. నేను ఓసారి అనుకోకుండా చూశాను. అయిదు వేళ్ళూ ఉన్న మామూలు చెయ్యి. వయసుకి కాస్త నునుపుగా కూడా ఉంది.

దీవుల మధ్య తిరిగే పడవల మీద డెక్కు పని చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత కూడా వారానికోసారైనా ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళేవాడు. టికెట్టు క్యూ చివర నిలబడేవాడు, కిటికీ దగ్గరకొచ్చేసరికి పక్కకి తప్పుకునేవాడు. పడవ ఒడ్డుకి చేరేటప్పుడు తాడు విసిరేవాణ్ణి మాత్రం కన్నార్పకుండా చూసేవాడు. తనకి ఆ పని చాలా ఏళ్ళ కిందటే తప్పించారట. పట్టు నిలవడం లేదని వంటగదిలోకి మార్చారట. ఇది తర్వాత తెలిసింది నాకు.

నేను టౌన్లో ఒక వకీలు గారి ఆఫీసులో పనిచేస్తాను. అర్జీలు టైపు చేయడం, కోర్టులో వేయడం, నకళ్ళు తీసుకురావడం నా పని. ఒక ఆదివారం బట్టలారేస్తుంటే తాత గేటు దగ్గరకొచ్చాడు. చేప లేదు.

"అమ్మీ, కోర్టులో పాత కాగితం సూడనిస్తారేటి?"

"ఏ కాగితం తాతా?"

"ఈలునామా."

"ఎవరిది? నీదా?"

తల అడ్డంగా ఊపాడు. నాకు తెలిసిందంతా చెప్పాను. వీలునామా మీద ఎవరైనా అభ్యంతరం చెబితే, అది నిజమైనదేనని కోర్టు తేల్చి ముద్ర వేస్తుంది. దాన్ని ప్రొబేట్ అంటారు. అప్పుడు వారసులకి ఇచ్చేది నకలే. అసలు కాగితం కోర్టు దగ్గరే ఉండిపోతుంది. చూడాలంటే అర్జీ పెట్టుకోవాలి, ఎందుకు చూడాలో కారణం రాయాలి.

ఆయన అంతా విని, "ఆ సిరా మాసిపోద్దా, ఇన్నేళ్ళకి?" అన్నాడు.

"బాగా దాస్తే పోదు."

"బాగానే దాస్తారా?"

ఇంతకన్నా ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత మా ఆఫీసుకి రావడం మొదలుపెట్టాడు. కక్షిదారుల బెంచీ మీద చివర్న కూర్చునేవాడు. వకీలు గారు "ఎవరీయన?" అంటే నేను "మా వీధి తాత" అనేదాన్ని. నా పని తెమిలేసరికి లేచి వెళ్ళిపోయేవాడు. ఓ రోజు నేనే అర్జీ కాగితం ముందు పెట్టుకుని పిలిచాను.

"కేసు నంబరు తెలుసా?"

"నేదు."

"ఏ సంవత్సరం?"

"కూతురు అప్పుడికి నడక నేర్సింది. ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు."

"ఎవరి కూతురు?"

చేతి తువ్వాలు బిగించుకున్నాడు.

"సరే తాతా, రిజిస్టర్లో వెతికిద్దాం. ఇలాంటి కేసుల్ని చనిపోయినవాళ్ళ పేరు మీదే వెతకాలి. బతికున్నవాళ్ళ పేరుతో దొరకవు. పోయినాయన పేరు చెప్పు."

కుర్చీ చేతిని ఎడంచేత్తో పట్టుకుని లేచాడు. "ఆ పేరు అడక్కమ్మీ," అని వెళ్ళిపోయాడు.

పేరు చెప్పడానికి చాలా రోజులు పట్టింది. నేను మా చెల్లిని పడవెక్కించడానికి ఫీనిక్స్ బే వెళ్ళినప్పుడు క్యూ చివర కనిపించాడు. పడవ కదిలాక నా పక్కకొచ్చి నిలబడ్డాడు. నీళ్ళవైపు చూస్తూ, ఎవరినో పిలుస్తున్నట్టు ఆ పేరు చెప్పాడు. చెప్పి, వెంటనే వెనక్కి తిరిగి చూశాడు. వెనక కూలీలు సామాను మోస్తున్నారు. ఆ పేరుకి వాళ్ళలో ఎవరూ పలకలేదు. తాత వాళ్ళందరి మొహాలూ వెతికి చూశాడు.

అర్జీలో కారణం దగ్గర ఏం రాయమంటావని అడిగాను. "సాచ్చిని అని రాయి. నాను ఏటి సెప్పేనో సూసుకోడానికని రాయి," అన్నాడు. అలాగే రాశాను: ఆ కేసులో సాక్షి, తన వాంగ్మూలం చూసుకొనుటకు. జడ్జిగారు అనుమతిచ్చారు.

పేరు ఉన్నా ఫైలు అంత తేలిగ్గా దొరకలేదు. సూచిక రిజిస్టర్లలో తెలుగు పేరుని రాసేవాళ్ళు తలో రకంగా రాశారు. బెంగాలీ గుమాస్తా రాసినప్పుడు ఒకలా, తమిళ గుమాస్తా రాసినప్పుడు ఒకలా. కీపరు, నేను ఒక్కో రిజిస్టరు తిరగేస్తూ, ఇలా పలికితే ఇలా రాసి ఉంటారేమోనని ఊహించుకుంటూ వెతికాం. మేం ఆ పేరుని పైకి చదివిన ప్రతిసారీ బెంచీ మీద తాత ఉలిక్కిపడేవాడు. కొన్నిసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాం. చివరికి పేరు కింద కాకుండా ఇంటిపేరు కింద ఎక్కించిన చోట దొరికింది. కీపరు లోపలికి వెళ్ళి ఎర్రగుడ్డ మూట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పితే తేమ వాసన, పురుగుల మందు వాసన.

వాంగ్మూలం ఇంగ్లీషులో ఉంది. మెల్లగా తెలుగులో చెప్పాను.

"వీలునామా మీద వేలిముద్ర పడేటప్పుడు మీరు అక్కడ ఉన్నారా? ఉన్నాను. ఆయన స్పృహలో ఉన్నారా? ఉన్నారు. ఎవరైనా చెయ్యి పట్టుకుని వేయించారా? లేదు, తనంతట తనే వేశాడు. మీరెలా చెప్పగలరు? నా కళ్ళతో నేను చూశాను."

తాత కళ్ళు మూసుకున్నాడు. "ఇంకోపాలి సదువు, ఆకర్ది," అన్నాడు. చదివాను.

"నానే అన్నానా ఆ మాట?"

"కింద నీ సంతకం ఉంది తాతా."

అప్పుడు వీలునామా తీశాను. అది వేరే కవరులో ఉంది. తెలుగులోనే రాసిన ఒకే ఒక్క కాగితం. పాతకాలపు చేతిరాతని నేను కూడబలుక్కుని చదువుతాను, అందుకని మొదటి వరుస దగ్గరే తడుముకుంటున్నాను. తాత నా చదువు కోసం ఆగలేదు. కాగితం కిందివైపు వంగాడు. అక్కడ వేలిముద్ర ఉంది. నల్లగా, స్పష్టంగా, గీతగీతా లెక్కపెట్టేలా ఉంది.

ఆయన తువ్వాలు విప్పాడు. కుడి బొటనవేలిని ఆ ముద్ర పక్కకి తెచ్చి, తాకకుండా గాల్లోనే ఆపాడు. కీపరు "ఛూనా మత్, బాబా" అన్నాడు. తాతకి వినపడలేదు.

"అలికిపోయుంటాదనుకున్నాను. ఏటీ పడి ఉండదనుకున్నాను," అన్నాడు. "బతికున్నోడి నాగే పడ్డాది. అప్పుటికే సచ్చిపోనాడమ్మీ."

"క్యా బోలా?" అన్నాడు కీపరు నవ్వుతూ.

"పాత దోస్తుని తలుచుకుంటున్నాడు," అన్నాను. కాగితం కవర్లో పెట్టేశాను.

కోర్టు ఆవరణలో, టీ తాగుతూ, మిగతాది చెప్పాడు. టీ ఎడంచేత్తోనే పట్టుకున్నాడు.

పోయినాయన, తాత ఒకే ఊరివాళ్ళు. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున పుట్టి, వయసులో ఉండగా ఒకే ఓడలో ఈ దీవులకొచ్చారు. తాత ప్రభుత్వ పడవ మీద పనిలో చేరాడు. ఆయన సొంత పడవ కొని, దాన్ని నడిపించే తండేలయ్యాడు. ఫెరార్గంజ్‌లో జాగా కొని, వక్కల కోసం సుపారీ చెట్లు వేసి, ఇల్లు కట్టాడు. రాంచీ నుంచి కూలీకొచ్చినవాళ్ళ అమ్మాయితో కాపురం పెట్టాడు. తాళి, రిజిస్టరు ఏవీ లేవు. ఒక కూతురు పుట్టింది. అన్నదమ్ములకి ఆ కాపురం ఇష్టం లేదు. తండేలుకి కాలేయం చెడిపోయి మంచం పట్టగానే, ఇల్లు తమదేనని బాహాటంగా అనడం మొదలుపెట్టారు.

తండేలు తన మనుషుల్ని పిలిపించుకున్నాడు. దస్తావేజులు రాసే ఆయన ఒకడు, ఇంకో స్నేహితుడు, తాత. ఇల్లు, చెట్లు ఆ తల్లీకూతుళ్ళకే అని నోటితో చెప్పాడు. రాసే ఆయన చిత్తు రాసుకుని, శుభ్రంగా రాసి పొద్దున్నే తెస్తానని వెళ్ళాడు. పొద్దున ముగ్గురూ కలిసి వెళ్ళారు. భార్య కంపౌండరుని పిలుచుకురావడానికి అప్పటికే పరిగెత్తింది. పాప వాకిట్లో ఆడుకుంటోంది. లోపలికెళ్ళి చూస్తే తండేలు పోయాడు.

"అప్పుడే పోనాడు. ఒల్లింకా ఎచ్చగానే ఉన్నాది. ముగ్గురం ఒకల మొకం ఒకలం సూసుకున్నాం. రాసినాయన అన్నాడు, నిన్న సెప్పేడు కదా, మనం ఇన్నాం కదా, ఇప్పుడు నిజం సెప్తే ఈ ఆడది రోడ్డు మీద పడతాది అని. రెండోవోడు తలుపు కాడ కాపు కాసేడు. సెయ్యి నాను పట్టుకున్నాను. బొటనేలు లోపలికి ముడుసుకున్నాది. ఇప్పితే మల్లీ ముడుసుకుపోనాది. ఎవులో లోపల్నుంచి లాక్కున్నట్టే. అదిమి పట్టుకుని ఏసీసినాను."

భార్య తిరిగొచ్చాక ఆమెకి ఏం చెప్పారో కూడా చెప్పాడు. వేలిముద్ర వేసి, వెంటనే ప్రాణం వదిలాడని చెప్పారు. ఆమె ఏడుస్తూ ఆ సిరా అంటిన వేలిని కళ్ళకద్దుకుందట. ఆ సిరా తుడవనివ్వలేదట. అలాగే శ్మశానానికి తీసుకెళ్ళారు.

"ఆ యేలు నా సేతిలోంచి పోనేదమ్మీ. తాడు పట్టుకుంటే తాడు కింద అదే ఉంటాది. ముద్ద కలిపితే ముద్దలో ఉంటాది. ఎవులికైనా సెయ్యందిస్తే ఆల్లకి తగులుతాదని బయం." తువ్వాలు మళ్ళీ చుట్టుకున్నాడు. "మిగిలినోల్లిద్దరూ పోనారు. ఆ తల్లీ పోనాది. నాను పోతే ఇంకెవులికీ తెల్దు. కూతురికి సెప్పేయాల."

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. తండేలు అన్నదమ్ముల పిల్లలు ఇంకా ఇక్కడే ఉన్నారు, ఈ మాట బయటికొస్తే ప్రొబేట్ రద్దు చేయమని కోర్టుకెక్కవచ్చు, ఇన్నేళ్ళ తర్వాత కోర్టు వింటుందో లేదో నేను చెప్పలేను, ఆ పిల్ల ఎందుకు ఆ భయంలో బతకాలి అని వాదించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఇల్లు దానిదే. అది ఆడు సెప్పిందే. నాను సెప్పాలన్నది ఇంటి గురించి కాదు," అన్నాడు. "నువ్వు రాకపోతే ఒక్కణ్ణే ఎల్తాను."

ఆయన్ని ఒక్కణ్ణే పంపలేకపోయాను.

ఫెరార్గంజ్‌లో బస్సు దిగి, సుపారీ చెట్ల మధ్య మట్టిదారిన నడిచాం. కూతురు ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆ రోజు సెలవు. తాతని పోల్చుకోలేదు. ఆయన తానెవరో చెప్పగానే ఒక్కసారిగా వెలిగిపోయి, "చాచా! అమ్మ ఎప్పుడూ మీ గురించే చెప్పేది!" అంటూ కాళ్ళకి దండం పెట్టింది. ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళబోతే, ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

లోపల గోడ మీద దేవుడి పటాల పక్కన చిన్న ఫ్రేము ఉంది. దానికి ప్లాస్టిక్ పూలదండ. ముందు నేను అదేదో బొమ్మ అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే వేలిముద్ర. కోర్టు ఇచ్చిన నకల్లోంచి ఆ భాగం వరకు పెద్దది చేయించి కట్టించారు.

"నాన్న ఫొటో ఒక్కటి కూడా లేదు," అంది ఆమె నాతో, హిందీ, తెలుగు కలిపి. "ఇదే మాకు నాన్న. ఆఖరి శ్వాసలో కూడా నా కోసం, అమ్మ కోసం లేచి వేశారంట. అమ్మ రోజూ దీపం పెట్టేది. ఇప్పుడు నేను పెడుతున్నాను. చాచానే అప్పుడు పక్కన కూర్చుని ధైర్యం చెప్పారంట."

తాత ఆ ఫ్రేము వైపు చూసి, కూర్చోమన్న కుర్చీలో కూర్చోలేదు. నేను ఆయన భుజం తాకి, వద్దు అన్నట్టు తలూపాను. నిజానికి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళాలనుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

నిలబడే చెప్పాడు. తెలుగులో మొదలుపెట్టి, ఆమెకి అర్థమవుతోందో లేదోనని మళ్ళీ హిందీలో చెప్పాడు. ఏదీ దాచలేదు. ఆమె మొదట నవ్వుతూ విన్నది, నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. చెప్పడం అయ్యాక, ఆమె ఆసుపత్రిలో అడిగినట్టు అడిగింది.

"చెయ్యి వేడిగా ఉందా?"

"ఉన్నాది."

"వేళ్ళు బిగిసిపోయాయా?"

"బొటనేలు ముడుసుకున్నాది."

"నొక్కారా?"

"నొక్కేను తల్లీ."

పిల్లలిద్దరూ పెరట్లో ఆడుకుంటున్న చప్పుడు వినపడుతోంది. ఆమె లేచి, పిల్లల్ని లోపలికి రాకుండా వెనక తలుపు వేసి వచ్చింది.

"ఇంటి గురించి భయపడకు," అన్నాన్నేను. "మేం ఎవరికీ చెప్పం."

"ఇల్లు ఎవడిక్కావాలి దీదీ," అంది.

తాత అప్పుడు ఒక అడుగు ముందుకేశాడు. "తల్లీ, ముందు రోజు సాయంత్రం ఆల్లిద్దరూ ఎల్లిపోయాక మీ నాన్న నన్ను ఉండమన్నాడు. నీ గురించి నాతో ఒక మాట..."

"బస్," అంది ఆమె.

"ఆడు నాకు సెప్పింది నీకు సెప్పమనే..."

"బస్, చాచా. ఇంక వినను. రేపొచ్చి నాన్న అది కూడా అనలేదంటారు. వెళ్ళండి. మళ్ళీ రావద్దు." గొంతు పెంచలేదు. రోగి బంధువుల్ని వార్డు బయటికి పంపేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడింది. గుమ్మం దాకా వచ్చి, మేం మెట్లు దిగాక తలుపు వేసుకుంది.

బస్సులో తాత కిటికీ పక్కన కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక అడిగాను, తండేలు ఏమన్నాడని.

"అది దాని మాటమ్మీ. దానికే సెప్పాల," అన్నాడు.

"నాకు చెప్పు, ఎప్పుడైనా నేను చెబుతాను."

"ఒకడి మాట ఇంకొకడు మోస్తే ఏటవుద్దో సూసేవు కదా." కిటికీలోంచి వెనక్కి చూస్తూ, "అడుగుతాది. ఎప్పుడో అడుగుతాది. అందాకా ఉంటాను," అన్నాడు.

ఆయన ఉండాలనే చూశాడు. అప్పటినుంచి జెట్టీకి వెళ్ళడం మానేశాడు. మేనకోడలు కేకలేస్తే గానీ గేటు దగ్గరి కుర్చీ వదిలేవాడు కాదు. నేను ఆఫీసు నుంచి రాగానే మొహం వైపు చూసేవాడు. ఫోనొచ్చిందా అని నోరు తెరిచి అడిగేవాడు కాదు. ఒకసారి నేనే నంబరు కనుక్కుని ఆమెకి ఫోన్ చేశాను. నా గొంతు విని పెట్టేసింది. ఆ సంగతి తాతకి చెప్పలేదు.

వానాకాలం మొదట్లో జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకి ఎక్కింది. పెద్దాసుపత్రిలో చూడ్డానికి వెళితే ముక్కుకి గొట్టం పెట్టి ఉంది. చేతికి తువ్వాలు లేదు. నర్సులు తీసేసినట్టున్నారు. సూది గుచ్చిన కుడిచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది. నన్ను చూసి ఏదో అనబోయాడు. దగ్గరగా వంగాను. "ఒచ్చిందా?" అన్నాడు. ఇంకా రాలేదన్నాను. కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు నేను ఇంటికి చేరకముందే పోయాడు.

కూతురికి మెసేజి పెట్టాను, ఇలా జరిగిందని. చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. దహనానికి రాలేదు. దినం రోజున కూడా, గేటు చప్పుడైనప్పుడల్లా నేను తలెత్తి చూశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ చేసింది.

"దీదీ, బిజీగా ఉన్నారా?"

లేనన్నాను. చేతిలో కాగితాలు పక్కన పెట్టి వరండాలోకి వచ్చాను.

"చాచాకి నొప్పి తెలిసిందా?" అంది. నర్సు అడిగే ప్రశ్నే.

"లేదనుకుంటాను. తొందరగానే అయిపోయింది."

"నేను ఆ ఫ్రేము తీసేద్దామనుకున్నాను. తీసేసి ఉండలేకపోయాను. తీస్తే గోడ మీద తెల్లటి చోటు కనిపిస్తోంది. మళ్ళీ పెట్టేశాను." ఊపిరి తీసుకుంది. "దీదీ, ఆ రోజు ఆయన నాన్న గురించి ఏదో చెప్పబోయారు. నేను చెప్పనివ్వలేదు. దారిలో మీకు చెప్పే ఉంటారు కదా?"

నా నోట్లోకి ఒక వాక్యం వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, పూర్తిగా తయారై వచ్చింది: నిన్ను పిలిచాడట, నీ పేరు పెట్టి పిలిచి జాగ్రత్తగా పెంచమన్నాడట. ఏ తండ్రయినా అనేదే. తప్పని ఎవరు రుజువు చేస్తారు? ఆమె అక్కడ ఎదురుచూస్తోంది. ఆ మాట ఇచ్చేస్తే ఆమె బతుకంతా దాచుకుంటుంది, ఆ ముద్రని దాచుకున్నట్టే.

"నాకు చెప్పలేదమ్మా," అన్నాను. "అడిగాను. నీకే చెప్పాలన్నాడు."

"ఇంకెవరికైనా?"

"ఎవరికీ చెప్పలేదు."

"అయితే ఇంక ఎవరికీ తెలీదు."

"తెలీదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. టౌన్లో ఎండగా ఉంది, కానీ అక్కడ వాన పడుతున్నట్టుంది, రేకుల మీద చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు మధ్యలో ఆమె ఏదో అన్నట్టనిపించి, "ఏమన్నావు?" అని అడిగాను. ఏమీ అనలేదంది. ఇద్దరం అలాగే వింటూ ఉండిపోయాం.